అలకు కొంచెం మసక కావాలి

మిట్టమధ్యాహ్నం విశాఖ ఆర్కే బీచ్ మీద డ్రోన్‌తో తీసిన వీడియోల్లో ఒక లోపం తరచూ కనిపిస్తుంది. ఎక్కడ ఆపి చూసినా బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది. అల మీది నురగ చుక్క చుక్కా కనిపిస్తుంది, కురుసుర జలాంతర్గామి పక్కన నడిచే మనుషుల నీడలు గీత గీసినట్టుంటాయి. ఆడించగానే ఆ అందం పోతుంది. అల పరుగెత్తదు, గెంతుతుంది. బీచ్ రోడ్డు మీద బస్సులు అదురుతూ పోతాయి. డ్రోన్ గాలికి ఊగిందనో, మెమరీ కార్డు మంచిది కాదనో అనుకుంటారు. అసలు కారణం విశాఖ ఎండ.

చిన్న డ్రోన్లలో చాలావాటికి లెన్సు రంధ్రం, అంటే ఎపర్చర్, మార్చే వీలుండదు. డీజేఐ మినీ 2లో అది ఎఫ్ 2.8 దగ్గర, మినీ 3 ప్రోలో ఎఫ్ 1.7 దగ్గర స్థిరంగా ఉంటుంది. ఫొటోగ్రాఫర్లకు ఒక పాత లెక్క ఉంది: నిండు ఎండలో, ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, 100 పెట్టి, ఎపర్చర్ ఎఫ్ 16 ఉంటే షట్టర్ సెకనులో నూరోవంతు తెరిస్తే చాలు. ఎఫ్ 2.8 రంధ్రం గుండా ఎఫ్ 16 కంటే 32 రెట్ల వెలుతురు వస్తుంది. కాబట్టి షట్టర్ 1/3200కి పోవాలి. ఎఫ్ 1.7 అయితే దాదాపు 1/9000. ఇసుక, నురగ ఎండను తిప్పికొడితే ఈ వేగం ఇంకా పెరుగుతుంది. కెమెరాను ఆటోలో వదిలేస్తే అది ఈ లెక్కే వేసుకుంటుంది, వెలుతురు వరకూ సరిగ్గానే వేసుకుంటుంది. చెడేది కదలిక.

ఎలా చెడుతుందో చూద్దాం. డ్రోన్ ఇసుకకు పది మీటర్ల ఎత్తున, సెకనుకు పది మీటర్ల వేగంతో పోతోంది. సెకనుకు 25 ఫ్రేములు తీస్తున్నాం. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య డ్రోన్ 40 సెంటీమీటర్లు జరుగుతుంది. షట్టర్ 1/3200 అయితే ఆ 40 సెంటీమీటర్లలో కెమెరా చూసేది 3 మిల్లీమీటర్లే. మిగతా దారంతా దానికి చీకటి. తెరమీద మనకు కనిపించేది ఒక నిలిచిపోయిన బొమ్మ, ఒక గెంతు, మళ్ళీ ఒక నిలిచిపోయిన బొమ్మ. అదే 1/50 పెడితే కెమెరా 20 సెంటీమీటర్ల దారిని చూస్తుంది. ప్రతి ఫ్రేములోనూ సగం ప్రయాణం మసకగా అచ్చుపడుతుంది. ఆ మసకే ఒక ఫ్రేమును తరవాతి ఫ్రేముతో కలుపుతుంది.

సగమే ఎందుకు? ఫిల్మ్ కెమెరాల్లో షట్టర్ అంటే గుండ్రంగా తిరిగే బిళ్ళ. సాధారణంగా అందులో సగం, అంటే 180 డిగ్రీలు, ఖాళీగా ఉండేది. ఫ్రేముకొక చుట్టు. సెకనుకు 24 ఫ్రేములంటే 1/48 సెకను వెలుతురు. 1978లో కె. బాలచందర్ విశాఖ తీరంలో తీసిన ‘మరో చరిత్ర’ కాలానికి సినిమా కెమెరాల అలవాటు ఇదే. ఇది ప్రకృతి నియమం కాదు. తరాల తరబడి సినిమా చూసి మన కళ్ళకు పట్టిన కొలత. అయినా నమ్మదగిన కొలత.

మన దగ్గర 25 ఫ్రేములు, 1/50 జోడీకి మరో బలం ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే దీపాల్లో చాలావరకూ సెకనుకు వందసార్లు హెచ్చి తగ్గుతాయి. 1/50 సెకనులో సరిగ్గా రెండు హెచ్చుతగ్గులు ఇముడుతాయి కాబట్టి సాయంకాలం బీచ్ రోడ్డు దీపాలు, దూరాన హార్బర్ దీపాలు ప్రతి ఫ్రేములో ఒకే తీరుగా పడతాయి. 30 ఫ్రేములు, 1/60 పెడితే ఈ లెక్క కుదరదు, దీపాలు మిణుకుమంటాయి.

ఎండలో 1/50 పెడితే బొమ్మ తెల్లగా పాలిపోతుంది. అందుకే ఎన్‌డీ ఫిల్టర్: రంగుల పాళ్ళు మార్చకుండా వెలుతురును మాత్రమే తగ్గించే బూడిదరంగు గాజు. ఎన్‌డీ 8 ఎనిమిదో వంతును, ఎన్‌డీ 64 అరవైనాలుగో వంతును లోపలికి పంపిస్తుంది. కొన్నిటి మీద 0.9, 1.8 అని ఉంటుంది. అది లాగరిథమ్ కొలత, ప్రతి 0.3కీ వెలుతురు సగమవుతుంది. 3200ను 50తో భాగించండి, 64 వస్తుంది. ఎఫ్ 2.8 డ్రోన్‌కు మధ్యాహ్నం కావలసిన గాజు అదే. ఎఫ్ 1.7 అయితే ఎన్‌డీ 128 గానీ 256 గానీ. వానాకాలపు మబ్బుకు ఎన్‌డీ 8 సరిపోవచ్చు. పొద్దు సింహాచలం కొండల వెనక్కి వాలాక తీసేయడమే మేలు. ఫిల్టర్ బరువు కెమెరాను నిలకడగా పట్టే గింబల్ మీద పడుతుంది కాబట్టి డ్రోన్ ఆన్ చేయకముందే బిగించాలి. ఒడ్డున ఉప్పుతుంపర గాజు మీద పొరకడుతుంది, ఎగరేసిన ప్రతిసారీ తుడవాలి.

అసలు ఎక్కడ ఎగరేయవచ్చన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోవాలి. విశాఖ తూర్పు నౌకాదళ కేంద్రం. విమానాశ్రయం కూడా నౌకాదళానిదే. 2021 డ్రోన్ నియమాల ప్రకారం గగనతలం ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాలుగా ఉంది. ఆ పటం చూడకుండా, అనుమతి లేకుండా పోర్టు వైపో ఉక్కు కర్మాగారం వైపో డ్రోన్ లేపకూడదు.

ఇక ఫిల్టర్ సంగతికొస్తే, అన్ని షాట్లకూ ఎన్‌డీ పెట్టాలన్న సలహాతో మాత్రం నేను ఏకీభవించను. సాధారణ డ్రోన్ లెన్సు వంద మీటర్ల ఎత్తు నుంచి సుమారు 150 మీటర్ల వెడల్పు నేలను చూస్తుంది. ఫోర్‌కే వీడియోలో అడ్డంగా 3840 పిక్సెళ్ళు. అంటే పిక్సెల్‌కు నాలుగు సెంటీమీటర్లు. ఇందాకటి 20 సెంటీమీటర్ల మసక ఆ ఎత్తున ఐదు పిక్సెళ్ళే, దాదాపు ఎవరికీ కనిపించదు. పది మీటర్ల ఎత్తునైతే అదే మసక యాభై పిక్సెళ్ళు. కాబట్టి తెప్పను వెంబడిస్తూ నీటికి దగ్గరగా పోయే షాట్‌కు ఎన్‌డీ తప్పనిసరి. ఆకాశం నుంచి తీరం వంపంతా నెమ్మదిగా చూపే షాట్‌కు లేకున్నా నష్టం లేదు.

మసక అసలే కూడని పని కూడా ఒకటుంది. కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా రైళ్ళలో విశాఖకు వచ్చే ఇనుప ఖనిజం లాంటి సరుకు యార్డుల్లో గుట్టలుగా పడి ఉంటుంది. అలాంటి గుట్టల ఘనపరిమాణాన్ని డ్రోన్ ఫొటోలతో కొలవడం ఇప్పుడు మామూలే. ఆ పనికి మసక శత్రువు. రెండు ఫొటోల్లో ఒకే రాయి అంచును కంప్యూటర్ పోల్చుకోవాలి, అంచు చెదిరితే కొలత తప్పుతుంది. అరవై మీటర్ల ఎత్తున, సెకనుకు పది మీటర్ల వేగంతో పోతున్నప్పుడు 1/1000 పెడితే కదలిక ఒక సెంటీమీటరు. 3840 పిక్సెళ్ళ ఫొటోలో అది సగం పిక్సెల్ కూడా కాదు. అక్కడ ఫిల్టర్ పెట్టెలోనే ఉండాలి.