'రాజీ'కి అందమే బలం, పోరే లోపం

పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ రూపొందించిన 'రాజీ' వీడియో గేమ్ 2020 ఆగస్టులో తొలుత నింటెండో స్విచ్‌పై విడుదలైంది. 2017లో ప్రజల నుంచి విరాళాలు సేకరించేందుకు జరిపిన యత్నం విఫలమైనా ఆ చిన్న సంస్థ పట్టు సడలించలేదు. 2020 గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ తొలి క్రీడ విభాగంలో నామినేషన్ సైతం పొందింది.

అసురులు అపహరించిన తమ్ముడు గోలూ కోసం దుర్గామాత ప్రసాదించిన త్రిశూలంతో బయలుదేరిన బాలిక గాథ ఇది. పహాడీ చిత్రాల వర్ణాలు, రాజస్థానీ కోటలు, తోలుబొమ్మలాటను తలపించే ఘట్టాలు కనువిందు చేస్తాయి. సర్కస్ పిల్ల కనుక గోడలపై పరుగులు, గెంతులు ఆమెకు సహజంగానే అమరాయి. పోరాటాలలో మాత్రం చురుకుదనం కొరవడింది. కొద్ది గంటల్లోనే కథ అర్ధాంతరంగా ఆగిపోవడం మరింత నిరాశ కలిగించింది.

పోరాటాలను చక్కదిద్ది, హిందీ సంభాషణలు జోడించిన కూర్పు 2022లో వెలువడింది. భారతీయ గాథకు భారతీయ భాష దక్కడానికి రెండేళ్లు పట్టింది.