ఇంట్లో కంప్యూటర్‌కు గంట కొట్టేదెవరు?

– పూర్వ విద్యార్థిని, ఎం.సి.ఎ.

కంప్యూటర్ ఒకప్పుడు పట్నంలో, ఆఫీసుల్లో, ఉన్నవాళ్ళ ఇళ్ళలో మాత్రమే కనబడేది. నేడు మన ఊళ్ళలోకి, మన వాడల్లోకి కూడా వచ్చింది. అన్నయ్య ఉద్యోగంలో చేరి కొన్న ల్యాప్‌టాప్ కావచ్చు, ఎవరో వాడి అమ్మేసిన సెకండ్ హ్యాండ్ సిస్టమ్ కావచ్చు. దాంతోపాటు ఒక గొడవ కూడా వచ్చింది. "పొద్దస్తమానం దాని ముందే కూచుంటున్నాడు" అని అమ్మ అంటుంది. "చదువుకుంటున్నానమ్మా" అని తమ్ముడు అంటాడు. ఎవరి మాట నిజమో చెప్పగలిగినవాళ్ళు ఇంట్లో ఉండరు. ఈ గొడవ తీర్చడానికి కంప్యూటర్‌లోనే ఒక ఏర్పాటు ఉంది. దాని పేరు పేరెంటల్ కంట్రోల్స్, అంటే తల్లిదండ్రుల అదుపు. అది ఎలా పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు, మనలాంటి ఇళ్ళలో దాన్ని ఎవరు చేతిలోకి తీసుకోవాలి అన్న విషయాలు ఈ వ్యాసంలో చూద్దాం.

హాస్టల్లో ఉన్న గంట, ఇంట్లో లేని గంట

హాస్టల్లో తెల్లవారుజామున లేవడానికి గంట, స్టడీ అవర్‌కు గంట, భోజనానికి గంట, పడుకోవడానికి గంట. విసుక్కుంటాం గానీ మనల్ని పదో తరగతి గట్టెక్కించేది ఆ గంటే. దసరాకో, సంక్రాంతికో, వేసవి సెలవులకో ఇంటికి వెళితే ఆ గంట ఉండదు. అమ్మానాన్నలు పొద్దున్నే పనికి వెళితే తిరిగి వచ్చేది పొద్దుగూకాకే. అంతవరకు ఇంట్లో పిల్లవాడూ, కంప్యూటరూ. గంట కొట్టే మనిషి లేనిచోట యంత్రం చేతనే గంట కొట్టించడమే పేరెంటల్ కంట్రోల్.

ముఖ్యంగా అది నాలుగు పనులు చేస్తుంది.

1. రోజుకు ఎంతసేపు, ఏ గంట నుంచి ఏ గంట వరకు కంప్యూటర్ వాడవచ్చో నిర్ణయిస్తుంది.
2. ఏ ఆట, ఏ ప్రోగ్రామ్ తెరవవచ్చో, ఏది తెరవకూడదో చూస్తుంది.
3. పిల్లలు చూడకూడని వెబ్‌సైట్లను అడ్డుకుంటుంది.
4. దేనిమీద ఎంత సమయం గడిచిందో పెద్దవాళ్ళకు లెక్క చెబుతుంది.

దీనికి డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. 2007లో వచ్చిన విండోస్ విస్టా నుంచి ఈ సౌకర్యం విండోస్‌లోనే ఉంది. ఫోన్లకైతే గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ 2017లో వచ్చింది. ఇది కూడా ఉచితమే.

అసలు తాళం ఎవరి దగ్గర ఉంది?

కంప్యూటర్‌లో రెండు రకాల అకౌంట్లు ఉంటాయి. ఒకటి అడ్మినిస్ట్రేటర్, మరొకటి స్టాండర్డ్. అడ్మినిస్ట్రేటర్ ఇంటి యజమాని లాంటివాడు. ఏదైనా పెట్టగలడు, ఏదైనా తీసేయగలడు. స్టాండర్డ్ అకౌంటు వాడు ఇంట్లో ఉండవచ్చు గానీ తాళాలు మార్చలేడు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి చూడండి. కంప్యూటర్ తెచ్చిన రోజు దాన్ని తెరిచి, పేరు కొట్టి, పాస్‌వర్డ్ పెట్టేది ఎవరు? ఇంగ్లీషు చదవగలిగిన పిల్లవాడే. అంటే పదో తరగతి చదివే తమ్ముడే అడ్మినిస్ట్రేటర్. అమ్మానాన్నలకు పాస్‌వర్డ్ అనేది ఒకటి ఉంటుందన్న సంగతి కూడా తెలియదు. ఏదైనా వెబ్‌సైట్ "మీ తల్లిదండ్రుల అనుమతి ఉందా?" అని అడిగితే, "నాన్నా, ఫోన్‌కు వచ్చిన నంబరు చెప్పు" అంటాడు. నాన్న చెప్పేస్తాడు. అనుమతి ఇచ్చినట్లు నాన్నకే తెలియదు.

మన దేశంలో 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి సమాచారం వాడుకోవాలంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలని చెబుతుంది. చట్టం మంచిదే. కానీ తెరమీద ఉన్నది చదవలేని తల్లిదండ్రుల ఇంట్లో ఆ అనుమతి కాగితం మీదే మిగిలిపోతుంది. నేను మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది కూడా అలాంటివారే. కాబట్టి మన ఇళ్ళలో పేరెంటల్ కంట్రోల్‌లోని 'పేరెంట్' పని చదువుకున్న అక్కదో, అన్నదో అవుతుంది. తల్లిదండ్రుల తరఫున ఆ తాళం పట్టుకోవలసింది మనమే.

ఎలా పెట్టాలి?

మొదట అడ్మినిస్ట్రేటర్ అకౌంటు పెద్దవాళ్ళ పేరుతో ఉంచి, పిల్లలు ఒక్కొక్కరికి విడిగా స్టాండర్డ్ అకౌంటు తెరవాలి. తర్వాత విండోస్ 10 లేదా 11 అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ఫ్యామిలీ అనే చోటికి వెళ్ళాలి. మనకూ పిల్లలకూ వేరువేరు మైక్రోసాఫ్ట్ అకౌంట్లు ఉండాలి. ఆపైన ఏ రోజుకు ఎన్ని గంటలో పెట్టుకోవచ్చు. సమయం అయిపోగానే తెర మూసుకుపోతుంది. ఇంకాస్త సమయం కావాలంటే పిల్లవాడు అక్కడినుంచే అడగవచ్చు. ఆ కబురు మన ఫోన్‌కు వస్తుంది. మనం యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నా సరే, ఊళ్ళో తమ్ముడికి ఇంకో అరగంట ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇందులోని వెబ్‌సైట్ల వడపోత ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది.

వడపోతకు ఇంకో తేలిక మార్గం ఉంది. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డి.ఎన్.ఎస్. అనేచోట 1.1.1.3 అని, రెండో గడిలో 1.0.0.3 అని కొడితే అశ్లీల వెబ్‌సైట్లు, వైరస్‌లు అంటించే వెబ్‌సైట్లు చాలావరకు తెరుచుకోవు. క్లౌడ్‌ఫ్లేర్ అనే సంస్థ 2020లో కుటుంబాల కోసం పెట్టిన ఉచిత సేవ ఇది. స్టాండర్డ్ అకౌంటు నుంచి ఈ సెట్టింగ్ మార్చడం కుదరదు.

ఎన్ని గంటలు పెట్టాలి?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం బడి ఈడు పిల్లలకు ఇన్ని గంటలే అని ఒక అంకె చెప్పడం 2016లో మానేసింది. నిద్ర, చదువు, ఆటలు దెబ్బతినకుండా ఇంటిల్లిపాదీ కలిసి ఒక పద్ధతి పెట్టుకోమన్నది. 13 నుంచి 18 ఏళ్ళ వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. కాబట్టి లెక్క నిద్ర దగ్గర మొదలుపెట్టాలి. పొద్దున 6కు లేవవలసిన పిల్లవాడికి రాత్రి 9 తర్వాత కంప్యూటర్ తెరుచుకోకుండా చేస్తే సగం పని అయినట్లే. చదువు కోసం వాడే సమయాన్ని, ఆట కోసం వాడే సమయాన్ని ఒకే గాటన కట్టకూడదు. ఆటలకు విడిగా గంట పెట్టవచ్చు.

ఇక్కడ ఇంకొక ముఖ్య విషయం. కాలపరిమితి అంటే ఒకరిని ఆపడం మాత్రమే కాదు, మరొకరికి ఇవ్వడం కూడా. ఒకే కంప్యూటర్ ఉన్న ఇంట్లో చాలాచోట్ల తమ్ముడికి పగలంతా దొరుకుతుంది. చెల్లికి గిన్నెలు తోమి, నీళ్ళు పట్టి, అందరూ పడుకున్నాక దొరుకుతుంది. ఇద్దరికీ వేరువేరు అకౌంట్లు, సమానమైన గంటలు పెట్టి చూడండి. "సాయంత్రం 5 నుంచి 7 దాకా చెల్లిది" అని యంత్రమే చెబితే ఎవరూ కాదనలేరు. ఆడపిల్లకు ఆ రెండు గంటలు చిన్న విషయం కాదు.

కంట్రోల్ చేయలేనివి

పిల్లలు దారులు వెతుకుతారు. అక్క పాస్‌వర్డ్ కొడుతుంటే వెనకనుంచి చూస్తారు. కంప్యూటర్ మూసుకుపోతే నాన్న ఫోన్ అందుకుంటారు. స్నేహితుడి ఇంటికి వెళతారు. పెన్‌డ్రైవ్‌లో వేరే సిస్టమ్ తెచ్చి ఎక్కించేవాళ్ళూ ఉన్నారు. తాళం ఎంత గట్టిదైనా ఒప్పందం లేకపోతే నిలవదు. అందుకే చాటుగా పెట్టవద్దు. అమ్మను, నాన్నను, పిల్లలను కూర్చోబెట్టి, ఏం పెడుతున్నామో, ఎందుకు పెడుతున్నామో తెలుగులో చెప్పి పెట్టాలి. వారం వారం వచ్చే లెక్కను అందరి ముందూ చదవాలి. దొంగచాటుగా వాళ్ళ చాటింగ్ చదివితే నమ్మకం పోతుంది. రేపు నిజంగా ఎవరైనా బెదిరించినా, ఫోటోలు అడిగినా పిల్లలు మనకు చెప్పరు. వయసు పెరిగేకొద్దీ పట్టు సడలించాలి కూడా.

ఆట మానలేకపోవడం, తిండి, నిద్ర, చదువు అన్నిటికన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనబడుతున్నా ఆపలేకపోవడం, ఇలా సుమారు ఏడాదిపాటు సాగితే దాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్ అని జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 నుంచి అమలులో ఉంది. అలాంటప్పుడు తిట్టినా, కొట్టినా తగ్గదు. టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా సలహా చెబుతారు.

మూసేయడం మార్గం కాదు

కొందరు తల్లిదండ్రులు భయపడి కంప్యూటర్‌ను మూటగట్టి అటక మీద పెడతారు. వారి భయం అర్థం చేసుకోదగినదే. కానీ మన రెండు రాష్ట్రాల్లో ఎంసెట్ 2018 నాటికే కంప్యూటర్ పరీక్షగా మారింది. ఈనాటి ఈఏపీసెట్ కూడా మౌస్ పట్టుకుని రాయవలసిందే. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆన్‌లైన్, హాల్ టికెట్ ఆన్‌లైన్, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవడం ఆన్‌లైన్. డబ్బున్న ఇంటి పిల్లవాడికి కంప్యూటర్ ఒక నెల లేకపోతే మరో చోట దొరుకుతుంది. మన పిల్లలకు ఆ ఒక్కటే దిక్కు. దాన్ని ఆటకు వదిలేసినా నష్టమే, అటక ఎక్కించినా నష్టమే.

కాబట్టి సోదరీమణులారా, ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. అడ్మినిస్ట్రేటర్ ఎవరో చూడండి. పిల్లలకు వేరువేరు అకౌంట్లు తెరవండి. గంటలు అందరూ కలిసి నిర్ణయించి, కాగితం మీద రాసి గోడకు అంటించండి. పాస్‌వర్డ్ అంటే ఏమిటో అమ్మకు చెప్పండి. చదువు రాని తల్లికి ఇంట్లో యంత్రం మీద కూడా మాట చెల్లేలా చేయగలిగితే, మన చదువు ఇంటికి ఉపయోగపడినట్లే.