రజాకార్: ఒక మాట, రెండు అర్థాలు

సికింద్రాబాదులోని మా బడిలో ఇద్దరు పిల్లలు గొడవపడి, ఒకడు రెండోవాణ్ణి "రజాకారోడా!" అని తిట్టాడు. తిట్టినవాడికీ, తిట్టు తిన్న ముస్లిం పిల్లవాడికీ ఆ మాటకు అర్థం తెలియదు. ఆ రోజు పాఠం పక్కనపెట్టి మేము ఆ మాటే వివరించాము.

'రజా' అంటే ఇష్టం, సమ్మతి. 'కార్' అంటే చేసేవాడు. ఉర్దూలో రజాకార్ అంటే జీతం ఆశించకుండా, తనంతట తాను సేవకు ముందుకొచ్చేవాడు.

ఇంత మంచి మాటకు మచ్చ తెచ్చింది ఖాసిం రజ్వీ దళం. నిజాం పాలన చివరి రోజుల్లో వారు ఊళ్లు దోచారు, తగలబెట్టారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో జనాన్ని కాల్చి చంపారు. తెలంగాణలో దౌర్జన్యం కనబడితే "ఇదేమన్నా రజాకార్ల రాజ్యమా?" అని నేటికీ అంటారు. ఆ బాధ నిజమైనది, దాన్ని మనం కాదనకూడదు.

అయితే అదే నెలలో హైదరాబాదులో హత్యకు గురైన 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా ముస్లిమే. సంస్థానం భారతదేశంలో కలవాలని రాసినందుకు ఆయన్ని చంపారు. కాబట్టి ఆ మాట చేసిన పనికి చెందుతుంది గాని, పుట్టిన మతానికి చెందదు.

దాతలారా, మీ సాయంతో చదివే పిల్లలకు పుస్తకాలతోపాటు ఈ చరిత్ర కూడా పూర్తిగా అందాలి. అప్పుడు వారు ఆ తిట్టుకు తలదించుకోరు, ఎదుటివారి గాయాన్నీ మరవరు. మన కార్యకర్తలు ఆ పేరు పెట్టుకోనక్కరలేదు. దాని అసలు అర్థాన్ని చేతల్లో చూపితే చాలు.