ఇంటికొచ్చిన చిలుక

బదిలీ అయి వెళ్తూ స్నేహితులు తాము పెంచుకున్న కాకటీల్ అనే విదేశీ చిలుకను మీకు అప్పగించారనుకోండి. పిల్లల సంబరానికి అంతుండదు. కాని పంజరాన్ని ఆ రోజే నట్టింట పెట్టకండి. (మన రామచిలుకనైతే తీసుకోనేకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పెంచడం నేరం.)

పైకి ఆరోగ్యంగా కనిపించే పక్షి రెట్టలోనూ 'చిలుక జ్వరం' కలిగించే సూక్ష్మజీవులు ఉండవచ్చు. రెట్ట ఎండి దుమ్మయితే, ఆ గాలి పీల్చినవారికి సాధారణంగా 5 నుంచి 14 రోజుల్లో జ్వరం, తలనొప్పి, పొడిదగ్గు మొదలవుతాయి. న్యుమోనియా కూడా రావచ్చు.

అందుచేత నెలరోజులు పక్షిని గాలి, వెలుతురు వచ్చే వేరే గదిలో ఉంచండి. పశువైద్యుడికి చూపించండి. పంజరాన్ని పొడిగా ఊడ్చకండి. అడుగున పరిచిన కాగితాన్ని తడిపి తీసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గర్భిణులు, వృద్ధులు ఆ పనికి పూనుకోరాదు. ముద్దులాడటం, ఎంగిలి తినిపించడం వద్దు.

కొత్తచోట పక్షి బెదురుతుంది, పలకదు. బలవంతంగా పట్టుకోకుండా, అలవాటైన తిండే పెట్టి మెల్లగా మాట్లాడండి. ఈకలు ఉబ్బించుకుని తిండి మానేస్తే మాత్రం బెంగ అని ఊరుకోకండి. అది జబ్బు కావచ్చు.

ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే, "మా ఇంట్లో చిలుక ఉంది" అని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాటతో జబ్బును పోల్చుకోవడం సులువవుతుంది. సకాలంలో పోల్చుకుంటే డాక్సీసైక్లిన్ వంటి మందులతో నయమవుతుంది.