మేనేజర్ ఎవరన్నది తర్వాత.. ముందు ఖాళీ ఏంటి?

మీ హాస్టల్లో లివర్‌పూల్ ఫ్యాన్ ఒక్కడైనా ఉంటాడు. మ్యాచ్ ఉందంటే చాలు, రికార్డు పుస్తకం పక్కన పడేసి ఎర్ర జెర్సీతో ఫోన్ ముందు కూర్చుంటాడు. వాణ్ని ఒక్క మాట అడిగి చూడండి: ‘2024లో యుర్గెన్ క్లాప్ వెళ్లిపోతున్నాడని తెలిసిన రోజు, తర్వాత ఎవరు రావాలనుకున్నావ్?’ నిజాయితీ ఉన్నవాడైతే ‘షాబి అలోన్సో’ అంటాడు. ‘ఆర్నె స్లాట్’ అన్నాడంటే మాత్రం నమ్మకండి.

కెరియర్ పేజీలో ఫుట్‌బాల్ గొడవేంటి అనుకుంటున్నారా? ఒక్కసారి ఇలా చూడండి. అక్కడ ఉన్నది ఒకే ఉద్యోగం. కొద్దిమంది అభ్యర్థులు. బయట నిలబడి లక్షలమంది ‘వీణ్ని తీసుకోండి, వాణ్ని తీసుకోండి’ అని వాదిస్తున్నారు. మీరు కూర్చోబోయే జీడీ రౌండ్‌కి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకడం కష్టం. పైగా ఈ కథలో టేబుల్‌కి అవతలివైపు ఉన్నవాళ్లు ఏం చూసి ఎంపిక చేశారో కొంతైనా బయటికి వచ్చింది. మన క్యాంపస్ డ్రైవ్‌లలో ఆ ముక్క ఎవరూ చెప్పరు కదా!

2024 జనవరి 26న క్లాప్ ఆ సీజన్ చివర్లో తప్పుకుంటానని ప్రకటించాడు. మామూలు మనిషి కాదు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్ఫై ఏళ్ల నిరీక్షణ తర్వాత ఇంగ్లిష్ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టినవాడు. అలాంటివాడి కుర్చీ ఖాళీ అయ్యేసరికి అభిమానుల నోట మొదట వచ్చిన పేరు అలోన్సో. కారణాలు ఏమీ చిన్నవి కావు. 2004 నుంచి 2009 దాకా లివర్‌పూల్‌కే ఆడాడు. 2005 ఇస్తాంబుల్ ఫైనల్లో గోల్ కొట్టాడు. కోచ్‌గా ఆ ఏడాది లెవర్‌కుసెన్‌ని ఓటమి లేకుండా నడిపిస్తున్నాడు, చివరికి ఆ జట్టుకు మొట్టమొదటి జర్మన్ లీగ్ టైటిల్ అందించాడు కూడా. ఇంకొందరు పోర్చుగల్‌లో ఉన్న రూబెన్ అమోరిమ్ పేరు చెప్పారు. అంతకు కొన్నేళ్ల ముందైతే తర్వాతి మేనేజర్ స్టీవెన్ జెరార్డే అని చాలామంది తీర్మానించేశారు. ఆయన 2022లో ఆస్టన్ విల్లాలో ఉద్యోగం పోగొట్టుకున్నాక ఆ పేరు మెల్లగా జారిపోయింది.

గమనించారా? వాదన మొత్తం పేర్ల మీదే. ‘మనవాడు’, ‘ఇక్కడ ఆడినవాడు’, ‘ఇప్పుడు ఊపు మీద ఉన్నవాడు’. కొత్త మేనేజర్ చేయాల్సిన పని ఏంటన్నది ఎంతమంది అడిగారు?

మార్చి 29న అలోన్సో తాను లెవర్‌కుసెన్‌లోనే ఉంటానని చెప్పేశాడు. అభిమానుల గుండె జారింది. క్లబ్ మాత్రం తన లెక్క తాను వేసుకుంటూనే ఉంది.

క్లబ్ ఏం చూసింది?

అప్పట్లో వచ్చిన కథనాల ప్రకారం మైకేల్ ఎడ్వర్డ్స్, రిచర్డ్ హ్యూజ్ ఈ వెతుకులాట నడిపించారు. అంకెల సంగతి పరిశోధన విభాగం అధిపతి విల్ స్పియర్‌మన్ చూసుకున్నాడు. వాళ్లు ముందు పేర్లు రాసుకోలేదు, అవసరాలు రాసుకున్నారు. ఉన్న జట్టు క్లాప్ తరహా దూకుడు ఆటకు అలవాటు పడింది, దాన్ని తలకిందులు చేయని కోచ్ కావాలి. కుర్రాళ్లను మెరుగుపరిచిన చరిత్ర ఉండాలి. చేతిలో ఉన్న డబ్బుకి మించిన ఫలితం చూపించి ఉండాలి. ఇంకోటి, చాలామందికి తట్టనిది: అతని జట్టులో గాయాలతో బయట కూర్చున్నవాళ్లు ఎంత తక్కువ?

ఈ జల్లెడలో తేలిన పేరు ఆర్నె స్లాట్. నెదర్లాండ్స్‌లో ఫెయెనూర్డ్ కోచ్. ఆటగాడిగా చూస్తే జ్వాలె, బ్రెడా లాంటి చిన్న క్లబ్‌లలో మిడ్‌ఫీల్డర్. పోస్టర్ అతికించుకునే పేరు కాదు. రెజ్యూమెలో ఒక మచ్చ కూడా ఉంది. 2020 డిసెంబరులో ఫెయెనూర్డ్‌తో మాట్లాడుతున్నాడని తెలిసి, అప్పుడు పనిచేస్తున్న ఏజెడ్ క్లబ్ అతణ్ని తీసేసింది. కానీ ఆ తర్వాతి గీతలు చూడండి. 2022లో కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్. 2023లో డచ్ లీగ్ టైటిల్, అదీ తనకంటే డబ్బున్న అయాక్స్ ఉన్న లీగ్‌లో. 2024లో డచ్ కప్.

స్లాట్ పేరు బయటికి రాగానే అభిమానుల్లో సగం మంది వెతికింది ఆయన ఎవరనే. తమాషా ఏంటంటే, ఆ అనుమానాన్ని కాస్త తగ్గించింది కూడా క్లాపే. 2024 మే 19న ఆన్‌ఫీల్డ్‌లో తన వీడ్కోలు సభలో మైకు పట్టుకుని, రాబోయేవాడి పేరును తానే పాడి, స్టేడియం చేత పాడించాడు.

తర్వాత జరిగింది మీకు తెలిసే ఉంటుంది. ఆ వేసవిలో సీనియర్ జట్టులోకి వెంటనే వచ్చిన కొత్త ఆటగాడు ఫెడెరికో కియెసా ఒక్కడే. అంటే స్లాట్ దాదాపు పాత జట్టుతోనే దిగాడు. అంతకుముందు సీజన్లో స్థానం స్థిరంగా లేని గ్రావెన్‌బెర్క్‌ని డిఫెన్స్ ముందు నిలబెట్టి జట్టుకు ఇరుసులా మార్చాడు. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో కొట్టి, ఇంకా 4 మ్యాచ్‌లు ఉండగానే లీగ్ గెలిచాడు. అది లివర్‌పూల్‌కి 20వ టైటిల్.

అభిమానులు తెలివితక్కువవాళ్లా?

అలా అనుకుంటే పొరపాటే. 2010లో ఇదే క్లబ్ రాయ్ హాడ్జ్‌సన్‌ని తెచ్చింది. ఫుల్‌హామ్ లాంటి చిన్న జట్టును యూరోపా లీగ్ ఫైనల్‌కి తీసుకెళ్లిన అనుభవజ్ఞుడు. ‘ఇతను మనకు సరిపోడు’ అని అభిమానులు కొద్ది వారాల్లోనే తేల్చేశారు. స్టేడియంలో పాత హీరో కెన్నీ డాల్‌గ్లిష్ పేరు మారుమోగింది. ఆరు నెలలకే హాడ్జ్‌సన్ వెళ్లిపోయాడు, 2011 జనవరిలో డాల్‌గ్లిష్ వచ్చాడు. 2012లో లీగ్ కప్ గెలిచిచ్చాడు. కానీ లీగ్‌లో 8వ స్థానం. మే నెలలో ఆయన్నీ పంపించేశారు.

నాకు ఇందులో కనిపించేది ఇది: ‘వీడు వద్దు’ అనడంలో అభిమానులు కరెక్ట్. ‘మరి ఎవరు కావాలి’ అన్నదగ్గర ప్రేమ అడ్డొచ్చింది. జీడీలోనూ అంతే. అవతలివాడి పాయింట్‌లో తప్పు పట్టడం పది మందిలో ఎనిమిది మందికి వచ్చు. ‘సరే, నువ్వైతే ఏం చేస్తావ్?’ అని మోడరేటర్ అడిగినప్పుడే గది నిశ్శబ్దమవుతుంది.

ఏడో స్థానం వెనక ఉన్న లెక్క

ఇప్పుడు అసలు కథ. బ్యాక్‌లాగ్‌లు ఉన్నవాళ్లు, ఒక సెమిస్టర్‌లో ఎస్‌జీపీఏ పడిపోయినవాళ్లు దీన్ని కొంచెం నెమ్మదిగా చదవండి.

క్లాప్ లివర్‌పూల్‌కి వచ్చింది 2015 అక్టోబరులో. అంతకుముందు డార్ట్‌మండ్‌లో 2011, 2012లో వరసగా జర్మన్ లీగ్ గెలిచాడు. కానీ అక్కడ అతని చివరి సీజన్ 2014-15 ఘోరం. ఫిబ్రవరిలో జట్టు పట్టికలో అట్టడుగుకి చేరింది. ఎలాగో లేచి ఏడో స్థానంలో ముగించింది. ‘అతని పని అయిపోయింది’ అన్నవాళ్లు కొల్లలు. రెజ్యూమెలో చివరి గీత చూసి పక్కన పడేసే హెచ్‌ఆర్ అయితే ఆ కాగితం అక్కడితో ఆగిపోయేది.

లివర్‌పూల్‌లో ఇయాన్ గ్రాహమ్ అనే ఆయన ఉండేవాడు. కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ. ఆయన ఆ సీజన్‌ని అంకెలుగా విడగొట్టాడు. ప్రతి అవకాశం గోల్ అయ్యే సంభావ్యత ఎంత అని లెక్కగట్టి, ఆడిన తీరును బట్టి ఏ జట్టు ఎక్కడ ఉండాల్సిందో చూశాడు. ఆ లెక్కలో డార్ట్‌మండ్ ఉండాల్సిన స్థానం 7 కాదు, 2. ఆట బాగానే ఉంది, అదృష్టం బాలేదు.

క్లాప్ చేరిన కొద్ది వారాలకి గ్రాహమ్ కాగితాలు పట్టుకుని అతని గదికి వెళ్లాడు. మైన్జ్ చేతిలో ఓడిన మ్యాచ్ చూపించాడు, డార్ట్‌మండ్ ఎంత ఎక్కువ ఆడిందో అంకెలు పెట్టాడు. హానోవర్ చేతిలో ఓడిన మ్యాచ్ కూడా అంతే. క్లాప్ ఉత్సాహపడిపోయాడు. ఇంత వివరంగా చెబుతున్నాడంటే ఆ మ్యాచ్‌లు చూసే ఉంటాడనుకున్నాడు. గ్రాహమ్ ఒక్కటి కూడా చూడలేదు, వీడియోలో సైతం!

ఈ కథ చెప్పి ‘చూశారా, మీ బ్యాక్‌లాగ్ కూడా ఎవరో అర్థం చేసుకుంటారు’ అని మిమ్మల్ని మభ్యపెట్టడం నాకు ఇష్టం లేదు. ఒక్క రోజులో వందల రెజ్యూమెలు తిప్పే కంపెనీకి మీ నాలుగో సెమిస్టర్‌ని తిరిగి లెక్కగట్టే తీరిక లేదు. కటాఫ్ 60 శాతం అంటే 59 దగ్గర తలుపు మూసేస్తారు, అంతే. క్లాప్‌కి గ్రాహమ్ దొరికాడు. మీ గ్రాహమ్ మీరే. తలుపు తెరిచి ఉన్న చోట, అంటే ఆఫ్ క్యాంపస్‌లోనో, రిఫరల్‌తోనో, చిన్న కంపెనీలోనో కూర్చునే అవకాశం వచ్చినప్పుడు, ‘ఆ సెమిస్టర్ కొంచెం బాలేదు సార్’ అని తల దించుకోకండి. ఆ ఆర్నెల్లలో ఏం జరిగింది, దాని తర్వాతి సెమిస్టర్లలో మార్కులు ఎలా లేచాయి, అప్పుడే మొదలుపెట్టిన ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చింది.. ఇవి మూడు వాక్యాల్లో, అంకెలతో సిద్ధంగా ఉంచుకోండి. సాకు, సాక్ష్యం ఈ రెండింటి మధ్య తేడా ఇంటర్వ్యూ చేసేవాళ్లకి వెంటనే తెలిసిపోతుంది.

పేరులేనివాడికి అవకాశం రావడం కొత్తేం కాదు. 1996లో ఆర్సెన్ వెంగర్ జపాన్ నుంచి ఆర్సెనల్‌కి వచ్చినప్పుడు లండన్ పత్రిక ఒకటి ‘ఆర్సెన్ ఎవరు?’ అని శీర్షిక పెట్టింది. రెండో సీజన్లోనే లీగ్, కప్ రెండూ గెలిచాడు. మన హైదరాబాద్‌కీ ఇలాంటి మనిషి ఉన్నాడు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునీ, ఆ తర్వాత భారత జట్టునీ తీర్చిదిద్దాడు. 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన హయాంలోవే.

ఎమ్మెస్సీ ఫిజిక్స్, మ్యాథ్స్ వాళ్లకి ఇంకో మాట. పైన చెప్పిన స్పియర్‌మన్ కూడా కణ భౌతికశాస్త్రం నుంచి వచ్చినవాడే. లివర్‌పూల్ పరిశోధన విభాగంలో ఖగోళ భౌతికశాస్త్రం చదివిన ఆయనా పనిచేశాడు. మన దగ్గర అలాంటి ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని, అందులో దాపరికం లేదు. కానీ ఆ పనిలోని నైపుణ్యం బ్యాంకుకీ, ఈ-కామర్స్‌కీ అదే. స్టాట్స్‌బాంబ్ సంస్థ కొన్ని సీజన్ల మ్యాచ్ డేటాను ఉచితంగా ఇస్తోంది. అలోన్సో లెవర్‌కుసెన్ 2023-24 సీజన్ కూడా అందులో ఉంది. పైథాన్ నేర్చుకుంటున్నవాళ్లు ఇంటర్‌నెట్‌లో అందరూ చేసిన ఆ టైటానిక్ ప్రయాణికుల ప్రాజెక్టే మళ్లీ చేసే బదులు దీని మీద ఓ పదిహేను రోజులు కూర్చోవచ్చు. కనీసం ‘ఈ ప్రాజెక్టు ఎందుకు ఎంచుకున్నావ్?’ అంటే చెప్పడానికి నిజమైన జవాబు ఉంటుంది.

జీడీ ప్రాక్టీస్‌కి ఆ హాస్టల్ గదే చాలు. ఆరుగురు కూర్చోండి. అంశం: ‘మన క్లబ్‌కి తర్వాతి మేనేజర్ ఎవరు?’ సమయం పదిహేను నిమిషాలు. ఒకే షరతు, మొదటి ఐదు నిమిషాలు ఎవరూ ఒక్క పేరూ ఎత్తకూడదు. జట్టు వయసెంత, డబ్బెంత, గోల్స్ ఎక్కడ పోతున్నాయి, కుర్రాళ్లు ఎవరున్నారు.. ఇవే మాట్లాడాలి. మొదట్లో నవ్వులాటగా ఉంటుంది. రెండో రోజుకి ఎవరు విని మాట్లాడుతున్నారో, ఎవరు గొంతు పెంచి గెలుద్దామని చూస్తున్నారో మీకే కనిపిస్తుంది. ఫుట్‌బాల్ తెలియకపోతే ఐపీఎల్ ఫ్రాంచైజీ కోచ్‌ని పెట్టుకోండి.

ఈ చర్చకి అంశం కరవయ్యే ప్రమాదమేమీ లేదు. టైటిల్ గెలిచిన ఏడు నెలలకే, భారీగా ఖర్చుపెట్టి కొత్త ఆటగాళ్లను తెచ్చుకున్నాక కూడా, 2025 నవంబరు 26న లివర్‌పూల్ సొంత మైదానంలో పీఎస్‌వీ చేతిలో 4-1తో ఓడింది. అప్పటికి 12 మ్యాచ్‌లలో అది 9వ ఓటమి. మళ్లీ మొదలైంది గోల: స్లాట్ ఉండాలా, పోవాలా, పోతే ఎవరు? మీ హాస్టల్ వాడు ఈసారి ఎవరి పేరు చెబుతాడో అడగండి. చెప్పగానే ఆపి, ‘పేరు సరేరా, ముందు పనేంటో చెప్పు’ అనండి.