వేడి చాయ్ – హెచ్చరిక ఎవరి బాధ్యత?

నవీపేట్ శనివారపు అంగడికి వచ్చిన పెద్దలు కొందరు చాయ్‌ను కప్పులో నుండి సాసరులో పోసుకొని త్రాగుతారు. ఇది వట్టి అలవాటు కాదు. సాసరులో చాయ్ పలుచగా పరచుకొని, ఆవిరి లేచే వైశాల్యము పెరుగుతుంది. అందుచేత వేడి త్వరగా తగ్గుతుంది. మూత బిగించిన కాగితపు కప్పులో ఆవిరి బయటకు పోదు. వేడి చాలాసేపు నిలిచి ఉంటుంది.

చర్మము కాలుటకు రెండు కారణములు: వేడి ఎంత, అది ఎంతసేపు తగిలినది. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అను శాస్త్రజ్ఞులు ఈ రెంటికి గల సంబంధమును కొలిచి చూపినారు. 44 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద చర్మము చెడుటకు సుమారు 6 గంటలు పడుతుంది. 60 డిగ్రీల వద్ద సుమారు 5 సెకండ్లు, 70 డిగ్రీల వద్ద ఒక్క సెకండు చాలును. పిల్లల చర్మము పలుచన గనుక వారికి ఇంకను తక్కువ వ్యవధి ఉంటుంది.

బోధన్ ప్రాంతములో చెరకురసము కాచి బెల్లము వండునప్పుడు పాకము వేడి 110 డిగ్రీలు దాటుతుంది. కాని పొంగుచున్న పెనమును చూచి పిల్లవాడైనను దూరముగా నిలుస్తాడు. కప్పులోని చాయ్ 60 డిగ్రీలా, 85 డిగ్రీలా అన్నది కంటికి కనబడదు.

1992లో అమెరికాలోని ఆల్బుకర్క్ పట్టణములో మెక్‌డొనాల్డ్స్ కాఫీ ఒడిలో ఒలికి, 79 సంవత్సరముల వృద్ధురాలి తొడలు లోతుగా కాలినవి. వేరొకచోటి చర్మము తీసి అతుకవలసి వచ్చినది. ఆ కంపెనీ కాఫీని 82 నుండి 88 డిగ్రీల వేడిలో ఉంచేది. అంతకు ముందు పది సంవత్సరములలో 700కు పైగా ఫిర్యాదులు వచ్చినను ఆ వేడిని తగ్గించలేదు. కప్పుపై హెచ్చరిక ఉన్నది. అయినను అది చాలదని 1994లో జ్యూరీ తేల్చినది. తప్పులో నూటికి 20 పాళ్ళు ఆమెదనియు, 80 పాళ్ళు కంపెనీదనియు నిర్ణయించినది. పరిహారమును న్యాయమూర్తి తగ్గించిన తరువాత ఉభయులు రాజీపడినారు.

మన దేశములో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, తగిన హెచ్చరిక లేని వస్తువు వలన హాని కలిగినచో తయారీదారును బాధ్యునిగా చేస్తుంది. అయితే అందరికి తెలిసిన ప్రమాదమును గూర్చి హెచ్చరించనక్కరలేదని కూడ చెబుతుంది. చాయ్ వేడిగా ఉంటుందని అందరికి తెలిసినదే గదా! నిజమే. కాని ఒక్క సెకండులో చర్మము చెడునంత వేడి అని కొన్నవానికి తెలియదు. ఎంత వేడిలో ఉంచుచున్నదో అమ్మే కంపెనీకి తెలుసు. కావున వేడి తగ్గించి ఇచ్చుట, సులభముగా ఒలకని కప్పు ఇచ్చుట దాని మొదటి బాధ్యత. కప్పుపై అక్షరములు ఆ తరువాతివి.

వేడి చాయ్ ఒలికినచో తడిసిన బట్టలను, గాజులను వెంటనే తీసివేయవలెను. చర్మమునకు అంటుకొన్న బట్టను మాత్రము లాగరాదు. కాలినచోట 20 నిమిషములు చల్లని నీటిని ధారగా పోయవలెను. మంచుగడ్డ, సిరా, పళ్ళపేస్టు పనికిరావు. గాయము లోతైనదైనచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒకే వేడిగల నీటిని మూతగల కప్పులోను, సాసరులోను తామే పోసి, రెండు నిమిషముల కొకసారి విద్యార్థులచేత థర్మామీటరును చదివించవచ్చును. అంగడిలో పెద్దలు సాసరును ఎందుకు అడుగుతారో ఆ అంకెలే చెబుతాయి.