అమ్మమ్మ మేలిముసుగు

మాది ముత్తుకూరు. మా ఇంట్లో చెప్పుకోదగ్గ బంగారం లేదు గాని, ట్రంకుపెట్టెలో ఒక తెల్లని మేలిముసుగు ఉంది. చర్చిలో పెళ్ళినాడు తెల్లచీర మీద దాన్ని మొదట అమ్మమ్మ వేసుకొంది, తర్వాత అమ్మ. వచ్చే వేసవిలో అక్క వేసుకోబోతోంది. నెట్టు గుడ్డ చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పు లేసు అంచు. అది అమ్మమ్మ చేత్తో అల్లిందే.

అమ్మమ్మ పుట్టిల్లు పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం దగ్గర. అక్కడికి లేసు అల్లిక 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చింది. చివర కొక్కెం ఉన్న సూది, నూలుదారం ఉండ, ఇవే పనిముట్లు. దారాన్ని కొక్కేనికి తగిలించి ముందున్న కన్నులోంచి లాగితే ఇంకో కన్ను పడుతుంది. కన్నులు కలిస్తే గొలుసు, గొలుసులు కలిస్తే పువ్వు. ఒకరు పువ్వులు అల్లితే, మరొకరు వాటిని జతచేస్తారు. దాన్ని అతుకుపని అంటారు. ఏజెంటు దారమిచ్చి, అల్లినది తీసుకెళ్ళి వ్యాపారికి చేరుస్తాడు. అక్కడినుంచి విదేశాలకు పోతుంది.

పెళ్ళికూతురికి తెల్లని దుస్తులు, లేసు అనే వాడుక బాగా వ్యాపించింది 1840లో ఇంగ్లండు రాణి విక్టోరియా పెళ్ళి తర్వాతే. ఆమె డెవన్ ప్రాంతంలో చేత్తో అల్లిన హోనిటన్ లేసు ధరించింది. యంత్రాల పోటీకి దెబ్బతిన్న అల్లికవాళ్ళకు అది ఆసరా అయింది. ఆ ముసుగునే 1885లో ఆమె చిన్నకూతురు బియట్రిస్ తన పెళ్ళికి వేసుకొంది. రాణి పేరు లోకానికంతా తెలుసు. అల్లిన ఆడవాళ్ళ పేర్లు ఎందరికి తెలుసు?

"నీ పెళ్ళికి ముందు ఏం పని చేసేదానివి?" అని ఒకసారి అమ్మమ్మను అడిగాను. "పనేముంది పాపా, ఇంట్లో ఊరికే లేసు అల్లుకుంటా ఉండేదాన్ని" అనింది. పగలంతా ఏజెంటు పని, రాత్రి లాంతరు ముందు ఈ అంచు. ఒక వానాకాలమంతా పట్టిందట. దీన్ని 'ఊరికే' అంటారా?

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు స్త్రీల మీద ఒక పుస్తకం ప్రచురించారు. వాళ్ళు రోజుకు ఆరేడు గంటలు అల్లినా, అందరూ వాళ్ళను గృహిణులనే అనుకొన్నారు. అది తీరికవేళ పని అనడంవల్లే కూలి అంత తక్కువగా ఉందని ఆమె వివరించారు. పీజీలో ఆ సంగతి చదివినప్పుడు నాకు అమ్మమ్మ మాటే గుర్తొచ్చింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే అల్లినామెకు గంటకెంత ముడుతోందని కూడా మనం అడగాలి.

మాది సముద్రపు గాలి తగిలే ఊరు. అందుకే ముసుగుకు గుండుసూదులు గుచ్చం, తుప్పు మరక పడితే పోదు. కుంకుడు రసంలో మెల్లగా ఉతికి, నీడన పరిచి ఆరబెడతాం. పాత నూలుచీరలో చుడతాం. మడత మీదే మళ్ళీ మడిస్తే దారం తెగుతుంది కాబట్టి ఏడాదికోసారి మడత మారుస్తాం.

చెల్లెళ్ళారా! ఆరో తరగతిలో హాస్టల్ దరఖాస్తు నింపుతూ 'తల్లి వృత్తి' దగ్గర 'ఏమీ లేదు' అని రాశాను. అప్పుడు మా అమ్మ ఇంట్లో జాకెట్లు కుట్టి నాకు పుస్తకాలు కొనేది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే, కాని మొదటి పనిమంతురాలిని నేను కాదు. మీరు ఆ గడి నింపే ముందు ఒక్కసారి మీ అమ్మను అడగండి.